గాలి లెక్క చెప్పే గడియారం కోసం ధర్మవరం దాకా

సముద్రంలోకి దిగేవాళ్ళు చేతికి కట్టుకునే గడియారాన్ని చూసి రావడానికి, చుట్టుపక్కల ఎక్కడా సముద్రమన్నదే లేని ధర్మవరానికి, నేనూ మా ఆయనా ఒక ఆదివారం పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాం. రెండువేల ఆరో, ఏడో సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు వానలు బాగా పడి మా వైపు బావులు నిండాయన్నది మాత్రం గట్టిగా గుర్తుంది. ఆ నీళ్ళు లేకపోతే ఈ ప్రయాణమూ లేదు, చెప్పడానికి ఈ కథా లేదు.

ముందు మా సంగతి చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు. ఆయనది పెనుకొండ దగ్గర ఒక మెట్ట పల్లె. కొన్నేళ్ళ కిందట ఎల్టీసీ మీద లక్షద్వీపాలకు వెళ్ళాం. తోటివాళ్ళందరూ అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కి చేపలను చూసి మురిసిపోతుంటే, ఈయన మాత్రం "పైనుంచి చూసేదేముండాది, నేను లోపలికే పోతా" అని మొండికేశారు. తోడు లేకుండా దింపేది లేదన్నారు అక్కడివాళ్ళు. అట్లా నేనూ దిగాల్సి వచ్చింది. వీపున సిలిండరు, నోట్లో గాలి గొట్టం, కాళ్ళకు బాతుకాళ్ళలాంటి ఫిన్లు. ఏడుపుమొహంతో దిగినదాన్ని, పైకి వచ్చాక మళ్ళీ ఎప్పుడు దిగుతామని అడిగింది నేనే. ఆ తర్వాత శిక్షణ తీసుకున్నాం. మావాళ్ళు స్థలాలకూ నగలకూ దాచుకుంటుంటే మేము సముద్రానికి దాచుకునేవాళ్ళం. చుట్టాల్లో మాకు పిచ్చివాళ్ళన్న పేరు స్థిరపడిపోయింది.

నాకు సముద్రం ఇష్టం కావడానికి చేపలు కారణం కాదు. భూమ్మీద పూటకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప అనిపించే మా ఆయన, నీళ్ళ కిందికి పోతే వాగుడుకాయ అయిపోతారు. ఇదిగో తాబేలు అని చూపిస్తారు, అదిగో పగడం వెనక దాక్కున్న పీత అని నా మోచెయ్యి పట్టి లాగుతారు, కళ్ళు పెద్దవి చేసి నవ్వుతారు. అంతా చేతులతోనే. ఆ నీలిరంగు వెలుతురులో మా ఆయన నాతో కబుర్లు చెప్పడం కలలో జరుగుతున్నట్టుండేది. పైకి వచ్చి ఒళ్ళు తుడుచుకున్నాక కల తేలిపోయి మళ్ళీ బ్యాంకు మనిషి అయిపోయేవారు.

పోయినసారి అండమాన్ వెళ్ళినప్పుడు వచ్చింది చిక్కు. ఆయనకు చత్వారం వచ్చి అప్పటికి రెండేళ్ళు. గొట్టం చివర వేలాడుతూ గాలి ఎంత మిగిలిందో చూపే గేజీలో ముల్లు ఎక్కడుందో నీళ్ళలో ఆయనకు ఆనదు. ఆనదని చెప్పరు. నీళ్ళలో గాలి ఎంతుందని అడగడానికి శిక్షణలో నేర్పిన సైగ ఒకటుంది కానీ, మేము మాకు అలవాటైనట్టు ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గరకు తీసుకుంటాం, ఇంట్లో తిన్నారా అని అడిగినట్టు. ఆ రోజు అట్లాగే అడిగాను. బాగా ఉందని తలూపారు. అనుమానం వచ్చి దగ్గరకు ఈది ఆయన గేజీ చూస్తే ముల్లు ఎర్రగీతలో ఉంది. ఇట్లాంటప్పుడు తోటివాళ్ళకు ఇవ్వడానికని ప్రతివాళ్ళ దగ్గరా పసుపుపచ్చ మౌత్‌పీసు ఒకటి అదనంగా ఉంటుంది. నాది తీసి ఆయన నోటి ముందు పెట్టాను. అప్పుడు మా ఆయన ఏం చేశారో తెలుసా? భోజనాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు, వద్దు అంటాం చూడండి, అట్లా అరచెయ్యి అడ్డం పెట్టారు! యాభై అడుగుల నీళ్ళ కింద గాలికి మొహమాటపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మాతో ఉన్న గైడు ఒక్క ఊపున దూసుకొచ్చి, తన మౌత్‌పీసు ఆయన నోట్లో కుక్కి పైకి తీసుకుపోయాడు.

పడవ మీద అడిగితే, "నీకు తక్కువైతాదేమో అని" అన్నారు. నేను ఏడ్చాను. భయంతోనో కోపంతోనో తెలియదు, ఏడుపు మాత్రం ఆగలేదు.

ఇంటికి వచ్చాక తేల్చి చెప్పేశాను. ఇట్లాంటి మనిషి పక్కన నేను నీళ్ళలోకి దిగను, నేను లేకుండా మీరు దిగడానికి వీల్లేదు. మళ్ళీ జనవరికి తీసుకున్న టికెట్లు బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఆయన వాదించలేదు. బ్యాంకు నుంచి వచ్చి మిద్దె మీద కూర్చుని చీకటి పడేదాకా కొండల వైపు చూసేవారు, అంతే. సముద్రం పోతే ఆ మనిషిలో ఏం మిగులుతుందోనని నాకు బెంగ పట్టుకుంది. చివరికి నేనే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, గాలి లెక్క చేతిమీదే చూపించే గడియారాలు వచ్చాయని తెలుసుకున్నాను. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర అలాంటిది ఉందనీ, అమ్మేస్తారనీ బెంగళూరులో మాకు డైవింగు నేర్పినాయన ఫోన్లో చెప్పాడు. ఆ గడియారంతో ఈయన గాలి సంగతి తేలిందా, జనవరికి వెళ్తాం. తేలలేదా, టికెట్లు వాపసు.

అందుకే ఆ ఆదివారం ఏడున్నర ప్యాసింజరు. ఎనిమిదిన్నరకు వచ్చింది. టికెట్టు కాఫీ ఖర్చంత. ధర్మవరం వైపు కుడిచేతి కిటికీ దగ్గర కూర్చోండి, కొండలు బాగా కనిపిస్తాయి. మాలుగూరు దాటాక ఎండ ఇంకా ముదరలేదు, గుండ్ల మీద పొగమంచు పలచగా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్లను చూస్తుంటే నాకు పగడపు దిబ్బలు గుర్తొచ్చాయి. దూరాన గొర్రెల మంద ఒక్కసారిగా తిరిగింది, చేపల గుంపు తిరిగినట్టే. బండి నీళ్ళలో పోతున్నట్టూ, కిటికీ అద్దం నా మాస్కు అయినట్టూ అనిపించి కాసేపు అట్లాగే ఉండిపోయాను. మా ఆయన కూడా అటే చూస్తున్నారు. ఏం చూస్తున్నారని అడిగితే "ఏం లేదు" అన్నారు.

ఎదురు సీట్లో మడకశిర వైపు పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. గడియారాన్ని నీళ్ళలో చూడాల్సి వస్తుందేమోనని మా సామానంతా సర్దుకున్న సంచీలోంచి బయటికి వచ్చిన ఫిన్లను అప్పటినుంచీ చూస్తూనే ఉంది. ఇక ఆగలేక, "ఏమమ్మా, చాటలు తీసుకోని యాడికి పోతాండారు, తిరనాళ్ళకా?" అంది.

చాటలు కావు, కాళ్ళకు తొడుక్కుని సముద్రంలో ఈదడానికని చెప్పాను.

"సముద్రంలో ఏముండాదప్పా, అన్ని దుడ్లు పెట్టి పోయేదానికి?" అని ఆమె మా ఆయనను అడిగింది.

మా ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆడ నిమ్మళంగా ఉంటాదమ్మా" అన్నారు.

"నిమ్మళానికి అంత దూరం ఏమిటికి? మా ఊరికి మధ్యానం పూట రాండి. కుక్క కూడా అరచదు" అంది ఆమె. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా ఆయనా నవ్వారు. ఆమె పెనుకొండలో దిగిపోతూ, నీళ్ళలో జాగ్రత్త అని నా తల నిమిరి పోయింది.

ధర్మవరం చేరేసరికి పదిన్నర. స్టేషను బయట హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ ఊరికి వెళ్తే ఇంకేమీ తినకపోయినా ఫరవాలేదు, అవి తినండి. ఇంకో ప్లేటు చెప్తానంటే మా ఆయన అలవాటుగా ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టారు. నాకు అండమాన్ గుర్తొచ్చి, తింటున్న బజ్జీ చప్పబడిపోయింది.

ఆటో పట్టుచీరల వీధుల్లోకి మళ్ళింది. ఇంటింటా మగ్గం చప్పుడు. వాకిళ్ళలో కట్టిన వెదురు కర్రల మీద అప్పుడే రంగు ముంచిన పట్టునూలు ఆరబెట్టారు. ఒక వాకిలి నిండా నీలం, ఇంకో వాకిలి నిండా ఆకుపచ్చ. నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. ఆ రంగుల మధ్య నుంచి ఆటో నెమ్మదిగా పోతుంటే మళ్ళీ నాకు నీళ్ళ కిందికి దిగిన మత్తే. ఆటో అబ్బాయి హారను కొట్టి ఆ మత్తు దించాడు.

వ్యాపారి పేరు నాగభూషణం గారు. అరవై దాటినాయన, నుదుట విభూతి. మమ్మల్ని పరుపు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, చీరల పెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టారు. మూత తీసి, మల్లుగుడ్డ మడతలు విప్పితే అందులో నల్లటి గడియారం, పక్కన బొటనవేలంత పరికరం.

"చీరైతే కొంగు చూపిస్తామ్మా. దీనికి ఇదే కొంగు" అని మీట నొక్కారు. చత్వారం వాళ్ళకు కూడా దగ్గరనుంచే ఆనేటంత పెద్ద అంకెలు వెలిగాయి. మా ఆయన కళ్ళజోడు తీసేసి మరీ చదివి, నా వైపు గర్వంగా చూశారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మామూలు డైవ్ కంప్యూటరు ఎంత లోతులో ఉన్నామో, అక్కడ ఇంకా ఎంతసేపు ఉండవచ్చో చెప్తుంది. సిలిండరులో గాలి సంగతి దానికి తెలియదు, అందుకు ముల్లు గేజీనే దిక్కు. ఈ రకంలో ఆ బొటనవేలంత ట్రాన్స్‌మిటరును సిలిండరు తలదగ్గర బిగిస్తారు. అది వైరు లేకుండానే గాలి లెక్కను గడియారానికి పంపుతుంది. మనం పీల్చే తీరును చూసి, ఈ లెక్కన ఇంకెన్ని నిమిషాలు వస్తుందో కూడా గడియారమే చెప్తుంది.

"ఇంతకీ ఇది అవసరమా అండీ? ముల్లు చాలదా?" అని అడిగాను.

"చాలు" అన్నారాయన, అమ్మేవాళ్ళు అనకూడని మాట. "కండ్లు బాగుండి, మాటిమాటికీ చూసుకునే అలవాటుంటే ముల్లే చాలు. బ్యాటరీ అయిపోతే ఇది రాయితో సమానం. ఒకసారి నాకు నడిసముద్రంలో అంకెలు పోయి గీతలు చూపించె. అందుకే ఇది కొన్నా ముల్లును తీసి పారెయ్యొద్దు. కానీ ఒకటమ్మా, దీనితోనే నా గుట్టు నాకు తెలిసింది. నేను భయపడతాండానని నాకంటే ముందు దానికి తెలుస్తాది. ఊపిరి ఎగిరితే నిమిషాలు గబగబా పడిపోతాయి చూడు."

ఎందుకు అమ్మేస్తున్నారంటే కుడిచెవి చూపించారు. ఆపరేషను అయిందట, ఇక నీళ్ళలో మునగకూడదని డాక్టరు చెప్పారట. చెప్పేటప్పుడు నవ్వారు కానీ గడియారాన్ని వేళ్ళతో తడుముతూనే ఉన్నారు. ధర ఎంతన్నారో చెప్పమంటారా? "మూడు పెండ్లిచీరలనుకోండి. మీకు రెండున్నర." అర చీర ఎట్లా కోస్తారని నేను అడిగితే పగలబడి నవ్వారు.

"కొనేముందు నీళ్ళల్లో చూసుకోండి. తడపకుండా రంగు చెప్పకూడదు" అన్నారు. ఆయన దగ్గర బెంగళూరులో గాలి నింపించిన సిలిండర్లు రెండు మిగిలాయి. ఇక తనకు వాటితో పనిలేదు. నీళ్ళు ఎక్కడున్నాయన్నదే ప్రశ్న. మా ఆయన వెంటనే, "మా అక్క బాయి నిండి ఉండాది, పెనుకొండకు ఈవల" అన్నారు. నాగభూషణం గారు తన వ్యాను తీయించి, ఆయన కూడా ఎక్కి కూర్చున్నారు. కొట్టు ఎవరు చూస్తారంటే, ఆదివారం చీరలు ఎక్కడికీ పారిపోవన్నారు.

పదకొండున్నరకు బయల్దేరితే పన్నెండున్నర దాటాక పల్లె చేరాం. దారి పొడవునా కోసిన శెనక్కాయ చేలు, దూరాన పెనుకొండ కోట ఉన్న కొండ, దాని మీద మేఘం నీడ. ఆ నీడ కొండ మీద మెల్లగా జరుగుతుంటే పైన ఏదో పెద్ద పడవ పోతున్నట్టు తోచింది.

మా ఆడబిడ్డ పేరు రామక్క. మా ఆయనకు తల్లి తర్వాత తల్లి. మేము వ్యానులోంచి సిలిండర్లు దించుతుంటే పొలాల్లోంచి నలుగురు పోగయ్యారు. మా వైపు బావిలోకి మనిషి దిగుతున్నాడంటే అందరూ అడిగేది ఒకటే.

"ఏం పడిందప్పా? చెంబా, మోటరా?"

"ఏమీ పడలేదు" అని నేను.

"ఏమీ పడకుండా ఏమిటికి దిగుతాండారు?"

"మా తమ్ముడు మునకలేస్తాడంట. పెండ్లామును తోడు తెచ్చుకున్నాడు" అని రామక్క వాళ్ళకు జవాబు చెప్పింది. ఆ జవాబుతో అందరికీ తృప్తి కలిగింది, అక్కడే కూర్చుండిపోయారు.

చదరపు బావి. రాతి మెట్లు నీళ్ళలోకి దిగిపోయి పచ్చదనంలో కలిసిపోతాయి. గడియారాన్ని మా ఆయన చేతికి కట్టి, ట్రాన్స్‌మిటరు ఆయన సిలిండరుకే బిగించాం. నాకు ఎప్పటి ముల్లు గేజీనే. నెమ్మదిగా దిగాం. నాలుగైదు మెట్లు దాటగానే పైనున్న మాటలన్నీ ఆగిపోయాయి. నీళ్ళు లేతాకు రంగులో ఉన్నాయి. ఎండ పలకలు పలకలుగా లోపలికి దిగి, చేతికి తగిలీ తగలక కదులుతోంది. గోడ రాళ్ళ సందుల్లోంచి వేళ్ళు జారి ఊగుతున్నాయి. వేలెడంత చేపలు మా ముఖాల దగ్గరికి వచ్చి, ఎవరబ్బా వీళ్ళు అన్నట్టు చూసి పోయాయి. అడుగున, ఇరవై అయిదు అడుగుల లోతులో, మెత్తటి బురదలో ఒక ఇత్తడి చెంబు సగం కూరుకుని కనిపించింది. అంటే పైనున్నవాళ్ళు అడిగింది మరీ తప్పేం కాదు.

మా ఆయనకు మాటలొచ్చేశాయి. ఒక మెట్టును చూపించి చిన్న ఎత్తు చూపారు, చిన్నప్పుడు అక్కడినుంచి దూకేవాణ్ణని. ఇంకో రాయి చూపించి మోకాలు తట్టుకున్నారు, అక్కడ దెబ్బ తగిలిందని. నేను పదహారేళ్ళ కాపురంలో వినని కథలు ఆ బావిలో చేతులతో విన్నాను. ఆయన చిన్నతనమంతా ఇక్కడ నీళ్ళలో నానుతోందని అప్పుడు తెలిసింది. ఇది చూపించడానికే ఈయన ఎన్నో ఏళ్ళుగా నన్ను సముద్రాల చుట్టూ తిప్పారేమోనని కూడా అనిపించింది.

కొంతసేపటికి ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకుని అడిగాను, ఎంతుందని. ఆయన గడియారం చూసుకున్నారు. స్పష్టంగా, తీరిగ్గా చూసుకున్నారు. చూసి, తల ఊపి, బొజ్జ నిమురుకున్నారు, నిండా ఉందన్నట్టు.

పైకి వచ్చాక ఆయన మణికట్టు పట్టుకుని చూశాను. నా సిలిండరులో సగానికి పైగా మిగిలి ఉంది. ఆయనది మూడోవంతుకు వచ్చింది.

"అంకె కనపడలేదా?" అన్నాను.

"కనపడింది."

"మరి నిండా ఉందని ఎందుకు చెప్పారు?"

"నువ్వు చూస్తాంటివి కదా చేపల్ని. ఇంకొంచేపు ఉంటావని."

మెట్టు మీద కూర్చున్నాను. కంటిచూపుకు గడియారం దొరుకుతుంది, ఈ బుద్ధికి ఏ ఊళ్ళో గడియారం అమ్ముతారు? జనవరి టికెట్లు వాపసే అని మనసులో అనేసుకున్నాను. మా ఆయనకు నా మొహం చూస్తే అర్థమైపోయింది. సిలిండరు దించుకుని, నీళ్ళ వైపు ఒకసారి చూసి, ఇంట్లోకి నడిచారు. నాగభూషణం గారు మాత్రం, అంకెలు బాగా పనిచేశాయి కదమ్మా అని సంబరపడిపోతున్నారు.

రామక్క సంగటి, శెనగ్గింజల ఊరుబిండి పచ్చడి, బెండకాయ పులుసు పెట్టింది. ఒక ముద్ద తినేసరికి మా ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు. రామక్క ఆ చేతిని చూడను కూడా చూడలేదు. మణికట్టు పట్టి పక్కకు తోసి ఇంకో ముద్ద పడేసింది.

"చాలంటున్నారు కదా వదినా" అన్నాను.

"వీని మాట ఎవురు నమ్మినారమ్మా? చిన్నప్పుడు ఇదే బాయిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు తాడు కట్టి, ఆ కొన పైన నేను పట్టుకుంటాంటి. మునుగుతాండావారా అంటే లేదక్కా అనేవాడు, నీళ్ళు మింగుతా మింగుతా. అడిగేది మానేస్తి. చేతిలో తాడు బరువైతానే లాగేస్తాంటి. అంతే."

మా ఆయన తల వంచుకుని సంగటి తింటున్నారు. చెవులు ఎర్రగా అయిపోయాయి. నేను ఊరుబిండి నంజుకోవడం మర్చిపోయి ఆమె చేతులనే చూస్తున్నాను.

భోజనాలయ్యాక మామిడిచెట్టు కింద గంటన్నర నడుం వాల్చాం. లేవగానే నాగభూషణం గారిని అడిగాను, గడియారం ఒకరి చేతికి, ట్రాన్స్‌మిటరు ఇంకొకరి సిలిండరుకు పెట్టవచ్చా అని.

"ఎవురి గాలి వాళ్ళే చూసుకోవల్ల కదమ్మా. పుస్తకంలో అట్లే రాసింటారు" అన్నారు. మళ్ళీ కాస్త ఆలోచించి, "దానికి మాత్రం ఏం తెలుసులే, ఏ చేతికి కడితే ఆ చేతికే చెప్తాది" అన్నారు.

గడియారం నా చేతికి కట్టుకున్నాను. ట్రాన్స్‌మిటరు మా ఆయన వీపునే ఉంది. మా ఆయనకు ఆయన ముల్లు గేజీ, నాకు నాది. కాస్త గాలే మిగిలింది కాబట్టి ఇద్దరం లోతుకు పోకుండా పది పన్నెండు అడుగుల్లోనే ఉన్నాం. నా మణికట్టు మీద ఆయన గాలి అంకెల్లో కనిపిస్తోంది. ఆయన ఒక ఊపిరి తీసుకుంటారు, కొంతసేపటికి అంకె ఒకటి తగ్గుతుంది. తాబేలు ఒకటి రాళ్ళ సందులోంచి తల పెట్టింది. ఆయన సంబరంగా అటు ఈదారు, నిమిషాలు తగ్గాయి. నెమ్మదించారు, నిమిషాలు పెరిగాయి. పదహారేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి ఊపిరిని నేను మొదటిసారి చదువుతున్నాను. నాకు మాస్కులో కళ్ళు తడిశాయి.

ఆయన ఇంకాస్త దూరం జరిగారు. అంకెలు పోయి గీతలు వచ్చాయి. నాగభూషణం గారు చెప్పిన గీతలే. రెండు తన్నులు తన్ని దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి రాగానే అంకె మళ్ళీ వెలిగింది. రెండు మూడుసార్లు చూశాను. రెండు బారల దూరమైతే గీతలు, బారెడు దూరంలో ఉంటే అంకె. తాడు పొడవు అంతే.

అప్పుడు అడిగాను, వేళ్ళు నోటి దగ్గర పెట్టి. ఆయన అలవాటుగా బొజ్జ మీదికి చెయ్యి తీసుకుపోయారు. నేను నా మణికట్టు ఆయన మాస్కు ముందు పెట్టాను. ఆయన ఆ అంకెను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ అంకెను చూశారు. బొజ్జ మీది చెయ్యి మెల్లగా జారింది. బొటనవేలు పైకి చూపించారు, పైకి పోదామని. ఇన్నేళ్ళలో ఆ సైగ ఆయన నాకంటే ముందు చెయ్యడం అదే మొదలు.

రెండున్నర చీరల బేరం బావిగట్టు మీదే కుదిరింది. చెక్కు తీసుకుని, గడియారాన్ని మల్లుగుడ్డలో చుట్టి నా చేతికిస్తూ నాగభూషణం గారు, "సముద్రంలో మొదటిసారి దిగినప్పుడు నాకొక ఫోను చెయ్యండమ్మా, ఏం రంగుండెనో చెప్పండి" అన్నారు. వ్యానులో కూర్చున్నాక మళ్ళీ తల బయటపెట్టి, బ్యాటరీలు అదనంగా పెట్టుకొమ్మన్నారు. రామక్క మాకు దారిలో తినడానికి చిత్రాన్నం డబ్బా కట్టిచ్చింది.

అయిదింటికి పెనుకొండ స్టేషను. బండి అయిదున్నరకు వచ్చింది, సీట్లు ఖాళీగా ఉన్నాయి. పొద్దు కోటకొండ వెనక్కి దిగుతూ ఉంది. గుండ్లన్నీ ముందు బంగారం రంగులోకి, తర్వాత నీలంలోకి మారాయి. మా ఊళ్ళు నీళ్ళు లేని ఊళ్ళని లోకం అంటుంది. ఆ సాయంత్రం మాత్రం చెట్లూ చేలూ కొండలూ ఏదో లోతైన నీళ్ళ అడుగున నిమ్మళంగా ఉన్నట్టే ఉన్నాయి. ఒడిలో ఉన్న సంచిలో గడియారం ఉంది. ఇప్పుడు దానికి గాలి లెక్క చెప్పడానికి ఏ సిలిండరూ లేదు.

సరదాకు సముద్రంలో దిగేవాళ్ళు చాలామంది తర్వాత నన్ను అడిగారు, అంత ఖరీదు పెట్టి అది కొనాలా అని. కళ్ళు బాగున్నవాళ్ళకూ, అడిగితే ఉన్నమాట చెప్పేవాళ్ళకూ ముల్లు గేజీ చాలు. చత్వారం వచ్చిందా, మాస్కుకు పవరు అద్దాలు వేయించుకోండి, అది ఇంకా చవక. మేమూ వేయించాం. గడియారం కొన్నా ముల్లును మాత్రం వదలొద్దు. కానీ మీ తోడు మొహమాటస్తుడైతే, వద్దు చాలు అని చెయ్యి అడ్డంపెట్టే రకమైతే, రెండున్నర చీరలు మానుకుని కొనండి. కొని మీ చేతికి కట్టుకోండి, ఆయన చేతికి కాదు. దగ్గరగా ఉండండి.

చాకర్లపల్లి దాటాక డబ్బా తీశాను. చిత్రాన్నం రెండు కాగితపు ప్లేట్లలో పెట్టాను. ఆయన ప్లేటు త్వరగా ఖాళీ అయింది. నేను గరిటె చాపాను. ఎప్పటిలాగే అరచెయ్యి ప్లేటు మీదికి వచ్చింది. నేను గరిటె వెనక్కి తీయలేదు. ఆయన చెయ్యిని తోయనూ లేదు. ఊరికే ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి వస్తున్న చివరి వెలుతురులో ఆ చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, తర్వాత పక్కకు జరిగింది.

"ఇంగొంచిం పెట్టు. ఆకలిగా ఉండాది" అన్నారు మా ఆయన.

డబ్బాలో మిగిలింది అంతా పెట్టేశాను. అది చాలదేమోనని నా ప్లేటులోది కూడా సగం తీసి పెట్టాను. తీసుకున్నారు.